పల్స్ ఆక్సీమీటరు 99 చూపిస్తుంటే హిమోగ్లోబిన్ 7 ఎలా ఉంటుంది? రక్తంలో కాంతి నడిచే తీరు

మీరు పలాస నుండి అడిగినవి మూడు ప్రశ్నలు. నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు 99 శాతం చూపిస్తోంది గాని ల్యాబు రిపోర్టులో హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 7 గ్రాములే ఉంది, రెండింటిలో ఏది తప్పు అన్నది మొదటిది. రక్తం అంత చిక్కగా, అవతల ఏమీ కనబడనట్టుగా ఉంటుంది కదా, వేలిలో నుండి కాంతి అవతలికి ఎలా వస్తుంది అన్నది రెండవది. మొన్న డయాలసిస్ మధ్యలో యంత్రం ‘బ్లడ్ లీక్’ అని అలారం మోగించిందనీ, టెక్నీషియన్ వచ్చి పరీక్షించి, ఏదో తుడిచి మళ్ళీ నడిపించారనీ, అసలు ఆ యంత్రం రక్తాన్ని ఎలా కనిపెడుతుందో తెలుసుకోవాలనీ రాశారు. శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థులకు చాలాకాలంగా రక్తపరీక్షలు నేర్పుతున్నాను. నా అనుభవంలో ఈ మూడు ప్రశ్నలూ ఒక్క విషయం దగ్గరే కలుస్తాయి. రక్తంలోకి వెళ్ళిన కాంతికి రెండు వేరు వేరు సంగతులు జరుగుతాయి: కొంత కాంతిని రక్తం మింగేస్తుంది, మిగిలిన దానిని దారి తప్పిస్తుంది. ఈ రెండింటినీ విడదీయగలిగిన చోట పరికరం నమ్మదగిన అంకె ఇస్తుంది, విడదీయలేని చోట ఇవ్వలేదు.

ముందు మీ ఆందోళన తీరే మాట చెబుతాను. మీ దగ్గరున్న రెండు అంకెలలోనూ తప్పు లేదు. ఉన్న హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ఆక్సిజన్‌ను పట్టుకొని ఉందో మీటరు చెబుతుంది. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో ల్యాబు చెబుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండుగా ఉన్నప్పుడు సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. ఆ లెక్కన 15 గ్రాములున్న ఆరోగ్యవంతుడి రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లకు దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంటే, 7 గ్రాములున్న మీ నాన్నగారి రక్తం 99 శాతం నిండి ఉన్నా 9 మిల్లీలీటర్ల పైచిలుకు మాత్రమే మోయగలుగుతుంది. అందుకే మీటరులో అంకె బాగున్నా నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వస్తుంది. ఎర్ర రక్తకణాలు తయారు కావడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును ప్రధానంగా కిడ్నీలే తయారు చేస్తాయి కాబట్టి, కిడ్నీలు దెబ్బతిన్న వారిలో రక్తహీనత రావడం సర్వసాధారణం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వారికి ఇది నేను చెప్పనక్కరలేదు. 99 చూసి రక్తం బాగానే ఉందని ఊరుకోకుండా, ఆ 7 గ్రాముల సంగతి డాక్టరుగారితో తప్పక మాట్లాడండి.

అయితే వేలిలో నుండి కాంతిని పంపి శాతం చెప్పగలిగిన యంత్రం గ్రాములు ఎందుకు చెప్పలేదు? ఇది అర్థం కావాలంటే రక్తం నిర్మాణం తెలియాలి. రక్తాన్ని మనం ఎర్ర సిరా లాంటి ద్రవంగా ఊహించుకుంటాం, అది సరి కాదు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా లేత పసుపు రంగులో పారదర్శకంగా ఉంటుంది. ఎరుపు అంతా ఎర్ర రక్తకణాల లోపల బంధించి ఉంటుంది. ఒక్కో కణం ఏడెనిమిది మైక్రోమీటర్ల వెడల్పుతో, అంచున సుమారు రెండు మైక్రోమీటర్ల మందంతో, నడుమ రెండు వైపులా నొక్కినట్టు పలచబడిన బిళ్ళలా ఉంటుంది. ఘనమిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 50 లక్షలు. ఆరోగ్యవంతుల రక్తం ఘనపరిమాణంలో 40 శాతానికి పైగా ఇవే ఆక్రమిస్తాయి. ప్లాస్మా వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.35, హిమోగ్లోబిన్‌తో నిండిన కణం లోపల సుమారు 1.40. తేడా చిన్నదే గాని, కణంలోకి దూరేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ కిరణం కాస్త వంగుతుంది, వెంటనే ఇంకో కణం ఎదురవుతుంది, మళ్ళీ వంగుతుంది.

నౌపడ ఉప్పు మడుల దగ్గర కుప్పలు పోసిన ఉప్పును చూసే ఉంటారు. ఒక్క పెద్ద పలుకు తీసి కంటి ముందు పెట్టుకుంటే దానిలో నుండి అవతలి వెలుగు కనిపిస్తుంది. కుప్ప మాత్రం తెల్లగా, అపారదర్శకంగా ఉంటుంది. ఉప్పు కాంతిని మింగదు, లెక్కలేనన్ని అంచుల దగ్గర దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కి పంపుతుంది. అదే ఉప్పును నీళ్ళలో కరిగిస్తే అంచులు లేవు కాబట్టి తెలుపూ లేదు. రక్తం మసకగా ఉండటంలో కూడా పెద్ద వంతు ఈ అంచులదే. ఎరుపు రంగు హిమోగ్లోబిన్ వల్ల, అవతలి వస్తువు కనబడకపోవడం కణాల అంచుల వల్ల. ఈ రెండూ వేరు కారణాలని గ్రహిస్తే సగం విషయం తెలిసినట్టే.

దీన్ని ల్యాబులో కళ్ళారా చూడవచ్చు. మొదటి తరగతిలోనే నేను ఈ ప్రయోగం చేయిస్తాను. రెండు పరీక్షనాళికలు తీసుకొని, ఒకదానిలో 0.9 శాతం సెలైన్, రెండవదానిలో డిస్టిల్డ్ వాటర్ సమానంగా పోసి, రెండింటిలోనూ ఒకే కొలత రక్తం వేసి నెమ్మదిగా తలక్రిందులు చేసి కలపాలి. రెండింటి వెనకాలా అచ్చు కాగితం పెట్టి చూడమంటాను. సెలైన్ నాళిక ఎర్రరంగు కలిపిన పాలలా మసకగా ఉండి ఒక్క అక్షరమూ కనబడనివ్వదు. డిస్టిల్డ్ వాటర్ నాళిక కొద్ది క్షణాలలోనే తేటపడి, ఎర్రటి గాజులో నుండి చూస్తున్నట్టు అక్షరాలు చదవడానికి వస్తాయి. హిమోగ్లోబిన్ రెండింటిలోనూ ఒకే మోతాదులో ఉంది. రెండవదానిలో నీరు కణాలలోకి చొరబడి వాటిని ఉబ్బించి పగలగొట్టింది. లోపలి హిమోగ్లోబిన్ ద్రవమంతా సమంగా పరచుకుంది, అంచులు పోయాయి, కాంతి తిన్నగా వెళ్ళింది.

మీ నాన్నగారి రిపోర్టులోని 7 వెనక ఉన్నది సరిగ్గా ఈ సూత్రమే. పాతకాలం నుండి ఉన్న ప్రామాణిక పద్ధతిలో 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 5 మిల్లీలీటర్ల డ్రాబ్‌కిన్ ద్రావణంలో కలుపుతారు. ఆ ద్రావణం కణాలను పగలగొట్టి, హిమోగ్లోబిన్‌ను సయన్‌మెథిమోగ్లోబిన్ అనే స్థిరమైన రూపంలోకి మారుస్తుంది. తేటపడిన ద్రవాన్ని ఒక సెంటీమీటరు వెడల్పున్న గాజుపాత్రలో పోసి 540 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతిని పంపి, ఎంత కాంతి మాయమైందో కొలుస్తారు. ఇక్కడ కాంతి తిన్నగా నడిచింది, నడిచిన దూరం ఖచ్చితంగా ఒక సెంటీమీటరు అని తెలుసు, కాబట్టి మాయమైన కాంతి నుండి హిమోగ్లోబిన్ పరిమాణాన్ని లెక్కకట్టడానికి వీలవుతుంది. ఈనాటి ఆటోమేటిక్ యంత్రాలలో రసాయనాలు మారినా ముందు కణాలను పగలగొట్టే పని మాత్రం మారలేదు.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకొక పరీక్ష కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది కనుక ఇక్కడే చెబుతాను. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ గ్రామాలలో సికిల్ సెల్ వ్యాధిని, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తవ్యాధిని, గుర్తించడం ముఖ్యమైన పని. దేశవ్యాప్తంగా దీని నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ మిషన్ కూడా మొదలైంది. ప్రాథమిక పరీక్షగా చేసే సాల్యుబిలిటీ టెస్టులో కణాలను పగలగొట్టే సాపోనిన్, ఆక్సిజన్‌ను తీసివేసే డైథయోనైట్ ఉన్న ద్రావణంలో రక్తం కలిపి, నాళిక వెనక నల్లగీతలున్న కార్డు పెడతారు. మామూలు హిమోగ్లోబిన్ కరిగి ఉంటుంది కాబట్టి గీతలు కనిపిస్తాయి. సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పోగానే కరగకుండా విడిపోతుంది, కొత్తగా అంచులు పుడతాయి, కాంతి చెదిరి గీతలు కనుమరుగవుతాయి. గీతలు మాయమైనంత మాత్రాన అది వ్యాధో, కేవలం వాహక లక్షణమో ఈ పరీక్ష చెప్పలేదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గాని హెచ్‌పీఎల్‌సీ గాని చేయవలసిందే. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారిలో గీతలు కనిపించినా వ్యాధి లేదని తేల్చకూడదు, ఎందుకంటే చెదరగొట్టడానికి తగినంత హిమోగ్లోబినే ఆ నాళికలో ఉండదు.

ఇక పగలగొట్టని రక్తంలో కాంతి ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం. ఎర్ర రక్తకణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే పది రెట్లకు పైగా పెద్దది. ఆకాశాన్ని నీలంగా చేసే అతి చిన్న అణువులు కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. ఇంత పెద్ద కణం అలా చేయదు, తనమీద పడిన కాంతిలో అత్యధిక భాగాన్ని ముందుకే, కొద్దిపాటి వంపుతో పంపుతుంది. ఆ వంపు సగటున పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చిక్కని రక్తంలో ఒక వంపుకూ ఇంకొక వంపుకూ మధ్య దూరం దాదాపు ఒక కణం వెడల్పు స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, కొన్ని పదుల కణాలు దాటేసరికి, అంటే సుమారు అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్ళేసరికి, కిరణానికి తాను బయలుదేరిన దిక్కే మిగలదు. అక్కడి నుండి అది ఎటైనా పోవచ్చు, వెనక్కి కూడా రావచ్చు. ఆ వెనక్కి వచ్చిన ఎరుపే మనం రక్తం రంగుగా చూసేది.

ఇంకొక విషయం చాలామంది పుస్తకాలలో దాటేసి పోతారు గాని నాకు ముఖ్యంగా తోస్తుంది. కణాల సంఖ్య పెరిగినకొద్దీ మింగే కాంతి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, చెదరడం మాత్రం అలా పెరగదు. కణాలు రక్తంలో సగం దాకా ఆక్రమించే వరకు చెదరడం పెరిగి, ఆ తరువాత తగ్గడం మొదలవుతుంది, ఎందుకంటే కణాలు మరీ ఒత్తుగా ఉంటే వాటి మధ్య ప్లాస్మా ఖాళీలే తక్కువైపోతాయి. రక్తం కదలకుండా నిలిచి ఉంటే కణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి, అప్పుడూ చెదరడం మారుతుంది. తిరిగి ప్రవహించగానే దొంతరలు విడిపోతాయి. ప్లాస్మాలో లవణాల గాఢత తగ్గి కణాలు ఉబ్బినప్పుడు లోపలి హిమోగ్లోబిన్ పలచబడి, లోపలికీ బయటికీ వక్రీభవనంలో తేడా తగ్గి, చెదరడం తగ్గుతుంది. అంటే హిమోగ్లోబిన్ ఏ మాత్రమూ మారకుండానే అవతలికి వచ్చే కాంతి మారిపోగలదు.

కాంతిని మింగడం పూర్తిగా రంగును బట్టి ఉంటుంది. ఆక్సిజన్ నిండిన మామూలు రక్తంలో 540 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు దూరం నడిచేసరికే మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. 415 నానోమీటర్ల దగ్గర ఊదా కాంతికైతే ఒకటి రెండు కణాల మందమే చాలు. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి మాత్రం అంత మేర తగ్గడానికి అర సెంటీమీటరు పైగా నడవాలి. వేలిలో నుండి ఎరుపు అవతలికి రావడానికి ఇదే కారణం. పైగా వేలు రక్తం పోసిన సీసా కాదు. దాని కణజాలంలో రక్తం వంతు కొద్ది శాతమే. చీకట్లో అరచేతి కింద టార్చిలైటు పెడితే వేళ్ళు ఎర్రగా వెలగడం అందరూ చూసినదే. తెల్లకాంతిలోని మిగతా రంగులన్నీ దారిలోనే మాయమయ్యాయి. చర్మం కింద సిరలు నీలంగా కనబడటం గురించి కూడా తరచుగా అడుగుతుంటారు. సిరల్లోని రక్తం ముదురు ఎరుపే. నీలి కాంతి సిర దాకా దిగకముందే చర్మంలో చెదిరి వెనక్కి వస్తుంది, లోతుకు దిగిన ఎరుపును సిర మింగేస్తుంది. చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే ఆ గీత మీద ఎరుపు తగ్గడంతో కంటికి నీలంగా తోస్తుంది.

ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ రంగులో తేడా ఉందన్న జ్ఞానం పాతదే. 1862లో జర్మనీలో హోప్పె-జైలర్ రక్తం వర్ణపటంలో నల్లని పట్టీలను వర్ణించారు. 1864లో ఇంగ్లండులో జార్జి స్టోక్స్ ఆక్సిజన్ తీసివేసే రసాయనం కలిపితే ఆ రెండు పట్టీలు ఒక్కటై, గాలి తగిలేలా కుదిపితే మళ్ళీ రెండుగా విడిపోవడం చూపించారు. దీన్ని బతికున్న మనిషి వేలిలో కొలవడానికి అడ్డుపడినది చెదరడమే. చర్మం, ఎముక, గోరు, సిరల రక్తం అన్నీ కాంతిని మింగుతూ, చెదరగొడుతూ ఉంటే, ధమని రక్తం వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? 1970ల తొలినాళ్ళలో జపాన్‌లో తకువో అయోయాగి గుండె పంపే రక్తాన్ని చెవి దగ్గర కాంతితో కొలిచే పనిలో ఉన్నప్పుడు, నాడి కొట్టుకోవడం వల్ల వచ్చే అలలు ఆ కొలతకు అడ్డుపడుతుండేవి. ఆ అలలే ధమని రక్తాన్ని వేరుచేసి చూపిస్తున్నాయని ఆయన గుర్తించారు. ఆ గుర్తింపును నేను వైద్య పరికరాల చరిత్రలో అతి గొప్ప ఆలోచనలలో ఒకటిగా భావిస్తాను.

మీటరు చేసే పని ఇది. 660 నానోమీటర్ల ఎరుపునూ, 940 నానోమీటర్ల పరారుణ కాంతినీ ఒకదాని వెంట ఒకటి పంపుతుంది. నాడి కొట్టిన ప్రతిసారీ వేలిలోకి కొంచెం ధమని రక్తం చేరి, అవతలికి వచ్చే కాంతి సాధారణంగా ఒకటి రెండు శాతం తగ్గుతుంది. ఎరుపు దగ్గర ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, ఆక్సిజన్ ఉన్నదానికంటే సుమారు పది రెట్లు ఎక్కువ కాంతిని మింగుతుంది. పరారుణం దగ్గర ఆక్సిజన్ ఉన్నదే ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ మింగుతుంది. కాబట్టి ఈ రెండు కాంతుల తగ్గుదలను, ఆయా మొత్తం కాంతితో భాగించి, ఆపైన ఒకదానితో ఒకటి భాగిస్తే, ఎంత రక్తం చేరింది, కాంతి ఎంత దూరం వంకరటింకరగా నడిచింది అన్న తెలియని సంగతులు చాలావరకు కొట్టివేయబడి, ఆక్సిజన్ వాటా మిగులుతుంది. మీ మొదటి ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడుంది. శాతాన్ని బయటికి తెచ్చిన ఆ భాగహారమే గ్రాములను కొట్టివేసింది. గ్రాములు కావాలంటే నడిచిన దూరం తెలియాలి, చెదిరే వేలిలో అది తెలియదు. సూది లేకుండా హిమోగ్లోబిన్‌ను అంచనా వేసే పరికరాలు ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యాలతో ప్రయత్నిస్తున్నాయి గాని, రక్తం ఎక్కించాలా, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ మోతాదు మార్చాలా అన్న నిర్ణయానికి రక్తం తీసి చేసిన పరీక్షనే నేను నమ్ముతాను.

ఎరుపు, పరారుణ కాంతులు వేలిలో నడిచే దూరాలు సరిగ్గా సమానం కావు కనుక, కాగితం మీది సూత్రం నుండి వచ్చిన శాతం నిజమైన దానితో కలవదు. అందుకే తయారీదారులు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇచ్చి, ధమని నుండి తీసిన రక్తంతో పోల్చి పట్టిక తయారుచేసి యంత్రంలో పెడతారు. క్షేమం దృష్ట్యా 70 శాతం కంటే దిగువకు ఎవరినీ తీసుకుపోరు కాబట్టి, అంతకన్నా తక్కువ చూపే అంకె అంచనా మాత్రమే. చర్మం రంగు ప్రభావం పూర్తిగా పోదు. 2020లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో మీటరు బాగానే ఉందన్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లవారికంటే నల్లజాతి రోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. ఎండలో పనిచేసే మన వాళ్ళ విషయంలోనూ దీన్ని గుర్తుపెట్టుకోవాలి: మీటరు బాగుందన్నా మనిషికి ఊపిరి ఆడకపోతే మనిషినే నమ్మాలి. మూసిన గదిలో బొగ్గుల పొగ పీల్చినవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను ఈ మీటరు ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కిస్తుంది, ఆ అంకెను అస్సలు నమ్మకూడదు. మీ నాన్నగారికి మీటరు పెట్టేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) లేని చేతి వేలికి, వేలు వెచ్చగా ఉన్నప్పుడు, గోరుకు రంగు లేకుండా, నేరుగా ఎండ పడని చోట పెట్టి, అంకె నిలకడ పడేదాకా ఆగండి.

కాంతి నడిచే దూరం తెలిసిన చోట పగలగొట్టని రక్తంలోనూ పరిమాణం కొలవవచ్చుననడానికి డయాలసిస్ యంత్రాలే సాక్ష్యం. కొన్ని యంత్రాలలో రక్తం వెళ్ళే గొట్టానికి నిర్ణీత వెడల్పున్న చిన్న పారదర్శక గదిని అమర్చి, ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా హిమోగ్లోబిన్ ఒకేలా మింగే 800 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని పంపి, కణాల వాటాను నిరంతరం కొలుస్తారు. నీరు తీస్తున్నకొద్దీ రక్తం చిక్కబడి ఆ వాటా పెరుగుతుంది. మరీ త్వరగా పెరుగుతుంటే బీపీ పడిపోయే ప్రమాదం ఉందని నీరు తీసే వేగం తగ్గిస్తారు.

చివరగా మీరు చూసిన అలారం. డయలైజర్‌లో రక్తం ఒక పక్క, శుద్ధిచేసే ద్రవం ఇంకొక పక్క, మధ్యలో సన్నని పొర ఉంటాయి. వాడిన ద్రవం, సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున, బయటికి పోయే దారిలో ఒక కిటికీ దగ్గర కాంతిని దాటించి చూస్తుంటారు. ఆ ద్రవం తేటగా ఉండాలి. పొర చిరిగి కణాలు వచ్చాయంటే కాంతి తగ్గి అలారం మోగుతుంది. అయితే గాలిబుడగలు, కిటికీ మీద పట్టిన పొర కూడా కాంతిని తగ్గిస్తాయి. ఈ తేడా తెలియడానికే కొన్ని యంత్రాలలో ఎరుపు, ఆకుపచ్చ రెండు కాంతులు పెట్టారు: రక్తమైతే ఆకుపచ్చను ఎక్కువగా, ఎరుపును తక్కువగా తగ్గిస్తుంది, మురికి, బుడగలు రెండింటినీ దాదాపు సమంగా తగ్గిస్తాయి. అలారం వచ్చినప్పుడు టెక్నీషియన్ చేయవలసినది, బయటికి పోయే ద్రవంలో రక్తాన్ని గుర్తించే స్ట్రిప్ ముంచి చూడటం. స్ట్రిప్ రంగు మారితే డయాలసిస్ ఆపి డయలైజర్ మార్చాలి. మారకపోతే బుడగలు తొలగించి, కిటికీ శుభ్రం చేసి కొనసాగించవచ్చు. మీరు రాసిన దాన్ని బట్టి మొన్న జరిగింది ఈ రెండవదే. మళ్ళీ ఎప్పుడైనా అలారం వస్తే స్ట్రిప్ పరీక్ష చేశారా అని అడగండి, అలా అడిగే హక్కు రోగి బంధువుగా మీకు ఉంది.